పదో పుల్ల

దేవుడు అన్నీ చూస్తాడని వింటూ పెరిగిన మనిషికి, అన్నీ చూసి కూడా ఎందుకు ఊరుకుంటాడన్నది ముప్పై ఒక్క ఏళ్లుగా తేలని సందేహం. అందరూ వెనకాయన అని పిలిచే ఆ మనిషి దాన్ని ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. బయటపెడితే, నీకెందుకొచ్చింది ఆ సందేహం అని ఎదురు అడుగుతారు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని, ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని వేడుకునేవాడు. దేవుడు చల్లగానే చూశాడు. ఉద్యోగం ఖాయమైంది, ఇల్లు అమరింది, పిల్లలు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డారు, పింఛను నెలనెలా వస్తోంది. ఆయన బాధ అదే. తప్పు చేసినవాడిని ఇంత చల్లగా చూడడం దయా, మరుపా? దేవుడికి మరుపు ఉండదని ఆయన నమ్మకం. అందుకే ప్రార్థన ముగించి కళ్లు తెరవగానే చూపు ముందుగది కిటికీ మీదికి పోయేది.

ఆ కిటికీ తెర వేలాడేది ఒక లావుపాటి ఇనుప పైపు మీద. ఆ పైపు లోపల రెండు జానల పొడవున్న ఇనుప పుల్ల ఒకటి ఉంది. ఒక కొసన మొన, రెండో కొసన వేలు దూరేంత చుట్టు. తెర లాగినప్పుడల్లా లోపల గలగలమనేది. "ఏంటండీ ఆ చప్పుడు?" అని భార్య మొదట్లో అడిగేది. "పైపు పాతది" అనేవాడు. తర్వాత ఆమె అడగడం మానేసింది.

ఆయన అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా వినబడదు. సర్వే ఆఫీసులో గొలుసు లాగే పని చేశాడు. గొలుసు ఇరవై మీటర్లు. ముందు మనిషి పది ఇనుప పుల్లలు పట్టుకుని, దారి తప్పకుండా ఎదురుగా పాతిన జెండాకేసే చూస్తూ గొలుసు కొస లాక్కుంటూ పోతాడు. గొలుసు బిగిసిన చోట ఒక పుల్ల నేలలో గుచ్చుతాడు. వెనక మనిషి అక్కడిదాకా వచ్చి ఆ పుల్ల పీకి చేతిలో ఉంచుకుంటాడు. వెనక మనిషి చేతిలో ఎన్ని పుల్లలుంటే అన్ని గొలుసుల దూరం కొలిచినట్టు. పది కాగానే వెనక మనిషి గుత్తంతా ముందు మనిషి చేతికిచ్చి "పది" అని గట్టిగా అనాలి. ముందు మనిషి ఒక్కొక్కటీ తడిమి చూసుకుని "పది అందాయి" అనాలి. ఆ రెండు మాటలూ చెవిన పడితేనే సర్వేయరు పుస్తకంలో రాసుకునేవాడు. ఈయన పదహారేళ్లు వెనకే నడిచాడు కనుక వెనకాయన. మొదటి నాలుగేళ్లు ఈయనకు ముందు నడిచినవాడు ముందాయన. ఆఫీసులో పుట్టిన ఈ పేర్లు ఇళ్లలోకి కూడా వచ్చేశాయి. వెనకాయన భార్య సైతం కోపం వస్తే "అన్నిట్లోనూ వెనకే" అని దెప్పేది.

ఆ నాలుగో ఏట వానాకాలంలో ఒక చిత్తడినేల కొలవాల్సి వచ్చింది. ఈ పక్క ఒక హద్దురాయి, ఆ పక్క ఒక హద్దురాయి, మధ్యలో మోకాలి లోతు నీళ్లు, మనిషెత్తు తుంగ. వెనకాయన భుజాన జెండాల సంచితో, ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో పుల్లలు పట్టుకుని, పడిపోకుండా తుంగను కూడా పట్టుకోవాల్సి వచ్చింది. ఆవలి రాయి దగ్గర గుత్తి అందించేసరికి అందులో ఉన్నవి తొమ్మిది.

"పది గుచ్చానురా" అన్నాడు ముందాయన.

"నాకు తొమ్మిదే దొరికాయన్నా."

వెనక్కి వెళ్లి చీకటి పడేదాకా నీళ్లలో చేతులు పెట్టి వెతికారు. దొరకలేదు. సర్వేయరు పుస్తకంలో తొమ్మిది అని రాశాడు. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పుల్ల పోతే జవాబు చెప్పుకోవాల్సింది ముందు మనిషే. నిలదీయగా నిలదీయగా ముందాయన కూడా "ఏమో, నడుముకు కట్టుకున్నప్పుడే ఒకటి జారిపోయిందేమో, నేను గుచ్చింది తొమ్మిదేనేమో" అనడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే గుడారంలో జెండాల సంచి పిండుతుంటే వెనకాయన చేతికి గట్టిగా ఏదో తగిలింది. సంచి గుడ్డ రెండు పొరలది. లోపలి పొర చిరుగులోంచి పుల్ల జారి కూర్చుంది. చేతులు చాలక తానే ఎప్పుడో సంచిలో దోపుకున్నాడు. ఎన్నో గొలుసు దగ్గర దోపుకున్నాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పదడుగుల అవతల ముందాయన పాదాలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. వెనకాయనకు పెళ్లయి నెల. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రేపు చెబుదామనుకున్నాడు.

రెండు నెలలకు పెద్దాఫీసులో పటాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే ఇరవై మీటర్లు అతకలేదు. ఆ బురదలోకి మళ్లీ మనుషుల్ని పంపడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. కాగితం మీదే అటూ ఇటూ జరిపి సర్దేశారు. కాని ఎవరో ఒకరి మెడ కావాలి కదా. ముందాయనను లైను పని నుంచి తీసేసి స్టోరు గదిలో కూర్చోబెట్టారు. మిగిలిన తొమ్మిది పుల్లలూ పనికిరాని సరుకు కింద రాసేసి, "నువ్వే ఉంచుకో, ఇంట్లో లెక్కలు నేర్చుకో" అని స్టోరు గుమాస్తా ఆయన ముందు పడేశాడు. ఏడాది తిరక్కుండా ముందాయన ఉద్యోగం వదిలి ఒక పెద్ద భవంతిలో లిఫ్టు నడిపే పనికి కుదిరాడు. "హాయిరా. అంకెలు వాటంతట అవే వెలుగుతాయి. లెక్క తప్పే భయం లేదు" అనేవాడు నవ్వుతూ.

ఆ నవ్వు వినడానికి వెనకాయన నెలకొకసారైనా వెళ్లేవాడు. వెళ్లకుండా ఉండలేకపోయేవాడు. వెళ్లి చెప్పనూ లేకపోయేవాడు.

*

ముందాయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. లిఫ్టు మనిషి చివరికి లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో చేరాడు, కూతురి దగ్గర. ఆమె ఆసుపత్రులకు దుప్పట్లు, దిండు గలేబులు కుడుతుంది. ఆ గదిలో సగం తెల్లగుడ్డ, సగం కుట్టుమిషను. మిగిలిన మూల ముందాయనది.

"రా బాబాయ్, పొద్దుటి నుంచి నీ పేరే జపం" అంది ఆమె, మిషను ఆపకుండానే.

ముందాయన దిండ్లకు జారబడి ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా నూనె లేని తలుపు తీసినట్టు చప్పుడు. వెనకాల మేకుకు తీగ చుట్టులో ఆ తొమ్మిది పుల్లలు వేలాడుతున్నాయి. వెనకాయన ఎప్పటిలాగే వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఒరేయ్ వెనకా, డాక్టరు నన్ను నడవమన్నాడు."

"ఎంత దూరం?"

"ఊపిరి ఆడినంత దూరమట. చూసుకున్నాను. ఈ గోడ నుంచి మెట్ల దాకా వెళ్లి వస్తే సరిగ్గా ఒక గొలుసు. తర్వాత కూలబడాలి. లోకంలో ఇన్ని కొలతలుంటే చివరికి ఆ గొలుసే మెడకు పడింది చూడు."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

"ఆ చిత్తడి లైను గుర్తుందా?"

వెనకాయన చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. "ఉంది."

"ఇప్పుడక్కడ జనం షికారు చేస్తున్నారట. మన లైను మీదే చెక్కదారి వేశారట. పిల్ల ఫోనులో చూపించింది. ముందు చిన్న అడవి, తర్వాత చిత్తడి, తర్వాత పచ్చిక, చివర ఇసుక దిబ్బలు, అవి దాటితే నీళ్లు. ఇన్నీ ఒక్క నడకలో. అదంతా మనం కొలిచాం కదా. నువ్వు ఏం చూశావో చెప్పు."

వెనకాయన ఆలోచించాడు. "పుల్ల."

"అదీ! నేనేమో జెండా. అడవిలో నడుస్తూ ఒక్క చెట్టు చూశామా? చెట్టు కనబడితే జెండాకు అడ్డమని తిట్టాం. నీళ్లదాకా వెళ్లి నీళ్లు చూడలేదురా మనం." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "ఒక్కసారి చూసి పోవాలని ఉంది. నువ్వు తీసుకెళ్తే వెళ్తాను. ఆఫీసులో అందరూ మొహం తిప్పుకున్నా నువ్వొక్కడివే నా గుమ్మం మరిచిపోలేదు."

మిషను ఆగింది. కూతురు వెనకాయన వైపు చూసింది. వద్దను బాబాయ్ అన్నట్టుంది ఆ చూపు.

"వెళ్దాం అన్నా" అన్నాడు వెనకాయన, తల వంచుకుని.

*

ఆ రోజు నుంచి వెనకాయనకు వేరే ధ్యాస లేదు. పాత క్యాలెండరు కాగితం వెనక నడక అంతా గీశాడు. గొలుసుకొక చుక్క. చుక్కచుక్కకూ మడత స్టూలు వేసి కూర్చోబెట్టాలి, కూర్చున్నప్పుడు అయిదు నిమిషాలు. పొద్దున మంచు విడిచాక పదింటికి మొదలుపెట్టాలి. ఫ్లాస్కులో వేడినీళ్లు. ముందాయనను మెట్లు దింపడానికి చేతుల కుర్చీ, దాన్ని అటు పట్టడానికి తెలిసిన టాక్సీ ఆయన. చిత్తడి దాటాక పంపుహౌసు వైపు నుంచి పచ్చిక పక్కగా దిబ్బలదాకా మట్టిరోడ్డు ఉంది. వెనక్కి నడిచే పని లేకుండా టాక్సీ అక్కడికి రావాలి.

"ఒక మనిషిని నాలుగడుగులు నడిపించమంటే పెళ్లి ఊరేగింపు కడుతున్నారు" అంది భార్య. అంటూనే వెచ్చటి శాలువా ఒకటి తీసి పక్కన పెట్టింది.

ఒక గొలుసు అటూ ఇటూ అయితే మామూలు మనిషికి పట్టదు. ముందాయనకు అదే ప్రాణం. కాగితాన్ని నమ్మలేక వెనకాయన ఇరవై మీటర్ల తాడు కోసుకుని బస్సెక్కి ఒక్కడే వెళ్లాడు. దారి మొదట్లో బోర్డు ఉంది. "సులువైన నడక. అడవి 120 మీటర్లు, చిత్తడి 180, పచ్చిక 100, ఇసుక దిబ్బలు 60. వృద్ధులు, పిల్లలు సైతం నడవవచ్చు."

నూట ఎనభై. అంటే తొమ్మిది గొలుసులు. ఆనాడు సర్వేయరు పుస్తకంలో రాసిన తొమ్మిది పటం మీదికెక్కి, పటం మీది నుంచి ఈ బోర్డు మీదికెక్కి కూర్చుంది.

ఆయన చెక్కదారి మీదికి వచ్చాడు. తాడు కొస కమ్మీకి కట్టి, బిగిసేదాకా నడిచి, చెక్క మీద సుద్దగీత గీసి, వెనక్కి వచ్చి ముడి విప్పి, మళ్లీ ముందుకు. ముందు మనిషీ తానే, వెనక మనిషీ తానే. మబ్బు కిందికి దిగి ఉంది. తుంగ ఎండి గోధుమరంగుకు తిరిగింది. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. తొమ్మిదో గీత గీసి తలెత్తితే ఆవలి హద్దురాయి ఇంకా అల్లంత దూరాన ఉంది. తాడు మళ్లీ కట్టి నడిచాడు. బిగిసిన చోట రాయి కాలికి తగిలింది.

పది.

ముందాయన గుచ్చింది పదే. ఆ సంగతి వెనకాయనకు తెలియనిది కాదు. అయినా తెలియడం వేరు, రాయి కాలికి తగలడం వేరు. ఆ రాయి మీదే చాలాసేపు కూర్చున్నాడు. ఒక నీటికోడి తుంగలోంచి వచ్చి, ఆయనను చూసి, తొందరేమీ లేకుండా లోపలికి పోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం స్టూలెక్కి కిటికీ పైపు దించాడు. వంచగానే పుల్ల జారి ఖణేల్‌మని నేల మీద పడింది. వంటింట్లోంచి భార్య వచ్చింది.

"ఇదా ఇన్నాళ్లూ మోగింది!"

ఇక నీళ్లు నమిలి లాభం లేదు. స్టూలు మీద నుంచి దిగకుండానే అంతా చెప్పాడు. ఆమె పుల్ల చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఎప్పటి నుంచి?"

"పెళ్లయిన నెల. ఉద్యోగం పోతే నిన్ను ఎలా..."

"నన్ను మధ్యలోకి లాగకండి." ఆమె గొంతు పెరగలేదు. "ఆయన మనింటికి ఎన్నిసార్లు వచ్చాడు? ప్రతిసారీ ఈ కిటికీ కిందే కదా కూర్చునేవాడు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఇక్కడే కదా ఆడించాడు. తల మీదే ఉంది ఇది."

వెనకాయన స్టూలు దిగాడు. "దేవుడు ఎందుకు ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఊరుకున్నాడని ఎవరన్నారు? తెర లాగినప్పుడల్లా మోగుతూనే ఉందిగా" అంది ఆమె. పుల్లను ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనకాయన పుల్లను మడిచిన గొడుగులో దూర్చి పెట్టుకున్నాడు. చెప్పడానికీ ఒక చోటు ఎంచుకున్నాడు. నడకంతా అయ్యాక, ఇసుక దిబ్బ మీద కూర్చుని ముందాయన కోరుకున్న నీళ్లు కళ్లారా చూశాక, అప్పుడు. క్యాలెండరు కాగితం మీద ఆఖరి చుక్క చుట్టూ చిన్న సున్న చుట్టాడు.

*

అనుకున్న రోజున మంచు విడిచింది గాని వెలుగు రాలేదు. కుర్చీలో మూడు అంతస్తులు దింపేసరికి టాక్సీ ఆయనకూ వెనకాయనకూ నడుములు పట్టుకున్నాయి. "నేను జనాన్ని ఎన్ని వేలసార్లు దింపానో! ఇవాళ మీ వంతు" అన్నాడు ముందాయన. కూతురు కిందిదాకా వచ్చింది. అప్పగించాల్సిన గుడ్డ పైన గుట్టగా పడి ఉండడంతో వెంట రాలేదు. శాలువా మెడ చుట్టూ బిగించి, "బాబాయ్, ఫోను చేతిలోనే ఉంచుకో" అంది.

అడవి అంచున టాక్సీ దిగారు.

"లెక్క నాది. నువ్వు వెనకే నడువు" అన్నాడు ముందాయన.

ఒక గొలుసు నడిచి కూర్చున్నాడు. "ఒకటి." ఊపిరి చిక్కబట్టుకుని చుట్టూ చూశాడు. రాలిన ఆకులు తడిసి నల్లబడ్డాయి. పడిపోయిన మాను నిండా చెవుల్లా పుట్టగొడుగులు. ఎక్కడో ఒక పిట్ట చెట్టును టకటక పొడుస్తోంది. ఆయన చెయ్యి చాచి పక్కనున్న చెట్టు బెరడు తడిమాడు. భుజమంత ఎత్తున కొమ్మ నరికిన పాత మచ్చ, అంచులు మూసుకుని పెదవుల్లా ఉంది.

"ఇది మన పనే అయ్యుంటుంది. జెండాకు అడ్డమని కొట్టించలా?"

"అయ్యుంటుందన్నా."

"పాపం, మానిపోయింది" అన్నాడు ముందాయన. మాను గురించి ఎంత జాలిగా అన్నాడంటే వెనకాయన గొడుగును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఆరు కూర్చోడాల్లో అడవి అయిపోయింది. ముందాయన పెదవులు కొద్దిగా నీలమయ్యాయి. "వెనక్కి పోదామా" అంటే, "ఇంకా నీళ్లే చూడలేదు" అన్నాడు.

చెక్కదారి మొదట్లో పాత హద్దురాయి. దాన్ని కాలితో తాకి ముందాయన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఇక్కడ గాలి ఉంది. తుంగ అంతా ఒకేసారి వంగుతోంది, లేస్తోంది. ఒక్కో గొలుసుకూ కూర్చునే సేపు పెరుగుతూ వచ్చింది. నాలుగు. అయిదు. ఒకచోట కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటే, "లిఫ్టు కోసం చూస్తోంది" అన్నాడు. ఆ తర్వాత హాస్యాలు ఆగిపోయాయి. వేళ్లు ఎత్తి లెక్క చూపించడమే. ఏడు. ఎనిమిది.

"తొమ్మిది" అన్నాడు గట్టిగా, గెలిచినట్టు. స్టూలు మీద కూర్చుని తలెత్తాడు.

చెక్కదారి ఇంకా ముందుకు పోతోంది. హద్దురాయి అల్లంత దూరాన ఉంది.

ఆయన ముఖం మారింది. "ఇదేంటిరా? బోర్డు మీద నూట ఎనభై అని చదివానే. ఇరవై చొప్పున తొమ్మిది." వేళ్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "ఎనిమిదేనేమో. మధ్యలో ఒకటి రెండుసార్లు అన్నానేమో."

"లేదన్నా. తొమ్మిదే."

"నన్ను సముదాయించకు. నా లెక్క సంగతి నాకు తెలియదా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. చలిగాలికి కాదు. "చూశావా, ఇదే చోటు. మళ్లీ ఇక్కడే తప్పాను."

బోర్డు రాసినవాడు తప్పు రాశాడన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. వెనకాయన నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. దిబ్బలు ఇంకా చాలా దూరం. కాగితం మీద సున్న చుట్టిన చుక్క జేబులో ఉంది.

ఆయన గొడుగు విప్పాడు. పుల్ల చెక్కల మీద పడి మోగింది.

ముందాయన దానికేసి చూశాడు. ఆ చుట్టును, ఆ మొనను ఆయనకు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

"ఆ సాయంత్రమే దొరికిందన్నా. జెండాల సంచిలో. నేనే దోపుకుని మరిచిపోయాను. దొరికాక చెప్పలేదు. నువ్వు గుచ్చింది పదే. ఇక్కడి నుంచి ఆ రాయికి ఇంకో గొలుసు ఉంది, మొన్న వచ్చి కొలిచాను. నీ లెక్క అప్పుడూ తప్పలేదు, ఇప్పుడూ తప్పలేదు."

గాలి ఆగి మళ్లీ వచ్చింది. ముందాయన ఊపిరి చప్పుడు ఒక్కటే.

"ఆ సాయంత్రమే?"

"ఆ సాయంత్రమే."

"నేను అక్కడే ఉన్నానుగా. గుడారంలో."

"ఉన్నావు."

"నా పిల్ల చిన్నప్పుడు ఎక్కాలు చెప్పమని పలక తెచ్చేది" అన్నాడు ముందాయన మెల్లగా. ఒక్కో మాటకూ ఆగుతూ. "అమ్మను అడుగు అనేవాణ్ణి. తప్పు నేర్పిస్తానేమోనని భయం. మా ఆవిడ పోయేదాకా ఇంటి తాళం నా చేతికివ్వలేదు, ఎక్కడో పారేస్తానని. నేనూ అడగలేదు. నాది పారేసే చెయ్యే అనుకున్నాను." తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "నువ్వు నెలనెలా వచ్చేవాడివి. ఎంత మంచోడో అనుకునేవాణ్ణి."

వెనకాయన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. క్షమించు అనే మాట నోట్లో ఉంది గాని, దాన్ని అడగడం కూడా ఏదో లాక్కోవడంలా అనిపించి ఊరుకున్నాడు.

"లేపు" అన్నాడు ముందాయన. "ఇంకో గొలుసు ఉందన్నావుగా."

వెనకాయన చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని కమ్మీ పట్టుకున్నాడు. ఆ ఇరవై మీటర్లకు పావుగంట పట్టింది. రాయి దగ్గరికి వచ్చి అరచెయ్యి దాని మీద పెట్టి నిలబడ్డాడు. అంకె పైకి అనలేదు.

అక్కడి నుంచి పచ్చిక మొదలవుతుంది. గడ్డి వాడి పడుకుంది. దానికవతల ఇసుక దిబ్బలు బూడిదరంగులో, దిబ్బల సందులో నీళ్లు ఒక సన్నటి గీత. వినడానికి చప్పుడు కూడా లేదు.

"అదేనా?"

"అదే అన్నా. ఇంకా ఎనిమిది గొలుసులు."

"చాలు. కనబడిందిగా." శాలువా దగ్గరికి లాక్కున్నాడు. "టాక్సీని పిలువు."

*

దారిలో టాక్సీ ఆయన ఒకసారి అద్దంలో చూసి, "బాగా అలిసిపోయినట్టున్నారు" అని ఊరుకున్నాడు. కుర్చీలో మెట్లెక్కిస్తున్నప్పుడు ముందాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. కూతురు తలుపు తీసి తండ్రి పెదవులు చూసి, "నేను చెప్పలేదా బాబాయ్" అంది. పడుకోబెట్టి, వెచ్చటి నీళ్లు పట్టించి, ఎంతసేపటికో గుర్రుమనే ఊపిరి కాస్త నెమ్మదించాక మిషను ముందు కూర్చుంది. గుడ్డ రేపటికి అప్పగించాలి.

వెనకాయన గుమ్మం దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లాలో ఉండాలో తెలియలేదు.

"వెనకా" అని పిలిచాడు ముందాయన, కళ్లు తెరవకుండా. "ఆ గుత్తి తియ్యి."

వెనకాయన మేకు నుంచి పుల్లల గుత్తి దించాడు. ఇన్నేళ్లలో దాన్ని తాకడం అదే మొదటిసారి. ఎప్పటికప్పుడు తుడుస్తున్నారేమో, తుప్పు లేదు. పైపులో దాగిన పుల్లకే తుప్పు పట్టింది. గొడుగులో మళ్లీ దోపుకొచ్చిన ఆ పుల్లను తీసి, తీగ చుట్టు విప్పి ఎక్కించాడు.

"లెక్కపెట్టు. వెనక మనిషి పనే కదా."

వెనకాయన లెక్కపెట్టాడు. ఒక్కో పుల్లనూ వేలితో పక్కకు నెడుతూ, పైకి. ఎనిమిది, తొమ్మిది. ఆగాడు.

"పది."

గుత్తిని ముందాయన చేతుల్లో పెట్టాడు. ముందాయన కళ్లు తెరవలేదు. దుప్పటి మీద ఆ వేళ్లు ఒక్కొక్క చుట్టునూ వెతికి పట్టుకుంటూ నెమ్మదిగా సాగాయి. ఒకచోట తుప్పు తగిలి ఆగాయి, మళ్లీ కదిలాయి. కూతురు మిషను ఆపి చూస్తోంది. ఒకప్పుడు రెండు పొలాల అవతలికి వినబడిన గొంతు అది. ఇప్పుడు ఆమెదాకా కూడా సరిగా చేరలేదు.

"పది అందాయి" అన్నాడు ముందాయన.